గైడులో గుర్రం

మూడు గైడులు దబ్బున వచ్చి జిగురు గిన్నె పక్కన పడ్డాయి.

"ఏమయ్యా, కళ్ళు గానీ పోయాయా నీకు?"

పుస్తకాలు బైండింగు చేసే ముసలాయన తలెత్తాడు. చేతిలో సూది, ఒళ్ళో అట్టముక్కలు, గోళ్ళ నిండా ఎండిన జిగురు. ఆ వాలకం చూస్తేనే ఆవిడకి ఒళ్ళు మండింది. పోయి పోయి ఇలాంటివాడి చేతిలో పెట్టింది కూతురి చదువుని!

"ఫిజిక్స్‌లో తొంభై ఆరో పేజీ తర్వాత ఏముందో చూడు. ఎవరో పిల్ల సర్కస్ నుంచి గుర్రాన్ని దొంగిలించుకుపోతోంది. అద్దాలూ కటకాల మధ్య గుర్రమేమిటయ్యా?"

"పొరపాటైందమ్మా."

"కెమిస్ట్రీలోనూ అదే గుర్రం. లెక్కల్లోనూ అదే గుర్రం. మూడుసార్లు పొరపాటా? పాఠమేదో కథేదో ఆమాత్రం తెలీదా?"

"తెలీదమ్మా."

సిగ్గు లేకుండా ఒప్పుకున్నాడు కూడా.

అసలు ఆవిడకి అనుమానం వచ్చిందే నవ్వు వల్ల. పదిహేడేళ్ళ కూతురు ఫిజిక్స్ గైడు ముందేసుకుని కిసుక్కున నవ్వింది. ఫిజిక్స్ చదివి నవ్వేవాళ్ళు లోకంలో ఉంటారా? పిల్లకి మతి చలించిందేమోనని తల్లి గుండె జారిపోయింది. ఏ డాక్టరుకి చూపించాలా అని రెండు రోజులు మథనపడి, మూడో రోజు గైడు లాక్కుంటే గుర్రం బయటపడింది.

"నలభై రోజుల్లో పరీక్షలు. ఇప్పుడా కథలు? అసలీ చెత్త నువ్వు చదివావా?"

"మంచి పుస్తకమమ్మా. చాలామంది పిల్లలు చదివారు."

"నేనడిగిందేమిటి, నువ్వు చెప్పేదేమిటి? సర్లే, నీతో నాకు మాటలా! పీకెయ్ అవన్నీ."

ఆయన బ్లేడుతో దారం కోసి కథ పేజీలన్నీ ఒడుపుగా బయటికి లాగాడు. లాగి, గైడు మూలల్ని బొటనవేలితో తడిమాడు.

"ఇంట్లో ఎలుకలు తగ్గినట్టున్నాయే?"

ఆ గైడులు ఆయన దగ్గరికి వచ్చిందే అందుకు. చాలా పేజీల మూలలు కొరికేసి, కుట్లు ఊడి, చూడ్డానికి అసహ్యంగా తయారయ్యాయి. ఆవిడ బోనులు పెట్టింది. మందు పెట్టింది. తలుపుల కింద గుడ్డలు కుక్కింది. ఒక్క ఎలుకా పడలేదు గానీ, బైండింగు నుంచి వచ్చాక మిగిలిన మూలలు మాత్రం భద్రంగానే ఉన్నాయి.

"తగ్గాయి. నా మందుకి జడిసి పారిపోయాయి. నీకెందుకా గొడవ?"

"మంచిదమ్మా. ఇంగ్లీషు గైడు కూడా తెస్తానన్నారు..."

"తెచ్చి నీకిస్తే అందులో ఏనుగుని పెడతావు. ముందు వెళ్ళి అక్షరాలు నేర్చుకో, తర్వాత కొట్టు పెట్టుకుందువుగాని!"

ఆయన మళ్ళీ సూదిలోకి దారం ఎక్కించుకుంటూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చాక కూతురు గైడు తెరిచింది. తొంభై ఆరు. తొంభై ఏడు. మళ్ళీ వెనక్కి తిప్పింది.

"అమ్మా, గుర్రం ఏమైంది?"

"గుర్రం సంగతి తర్వాత. కాంతి వేగమెంతో చెప్పు ముందు."

పిల్ల చెప్పింది. తప్పు లేకుండా చెప్పింది. ఆ తర్వాత ఇంట్లో నవ్వు వినబడలేదు. తల్లి ఊపిరి పీల్చుకుంది.

నాలుగో రోజుకల్లా ఎలుకలు తిరిగొచ్చాయి.

నూటపన్నెండో పేజీ మూల లేదు. నూటపధ్నాలుగుకీ లేదు. ఆవిడ ఎలుకల వంశాన్నంతా తిట్టిపోసి, ఇంకా పెద్ద బోను కొనుక్కొచ్చింది.

ఆదివారం పొద్దున, ఎలుక బెదరకూడదని మునివేళ్ళ మీద కూతురి గదిలోకి వెళ్ళింది.

పిల్ల బల్ల ముందు కూర్చుని ఉంది. కళ్ళు లెక్క మీదే ఉన్నాయి. చెయ్యి దానంతటది పేజీ దగ్గరికి వెళ్ళింది. మూల చింపింది. నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది. ఇంకో మూల చింపింది.

బోను చేతిలోంచి జారి కింద పడింది.

"ఏంటే ఇది? ఎప్పట్నుంచి?"

"ఏమో అమ్మా. భయమేస్తే తెలీకుండానే..."

"మరి మధ్యలో మానేశావుగా?"

"మధ్యలో గుర్రం ఉందిగా."

కాళ్ళకి ఏ చెప్పులు తగిలించుకుందో కూడా చూసుకోకుండా ఆవిడ పరుగెత్తింది.

కొట్టు మూసి ఉంది. తలుపు ముందు అట్టముక్కలు దుమ్ము పట్టి ఉన్నాయి. పక్కన జిరాక్స్ కొట్టతను తల బయటికి పెట్టాడు.

"ముసలాయన కోసమా అక్కా? పోయి నాలుగు రోజులైంది. సూది చేతిలో ఉండగానే ఒరిగిపోయాడు."

ఆవిడ వంగి ఆ అట్టముక్కల మీది దుమ్ము తుడిచింది.

"మీ ఇంట్లో ఎలుకలేమైనా ఉన్నాయా?" అన్నాడతను, కాస్త మొహమాటంగా.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఎలుకలు కావు."

"అయితే మీరే. ఎలుకలు మళ్ళీ వచ్చాయంటూ ఒకావిడ వస్తుంది, ఇది ఇవ్వు అన్నాడు."

కాగితంలో చుట్టిన పుస్తకం. కొత్త నీలం గుడ్డ అట్ట. లోపల గుర్రం, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా.

"ఎలుకలు కావని ఆయనకి ముందే తెలుసా?"

"మొదటి రోజే చెప్పాడక్కా. ఎలుక కొరికితే పొడిపొడిగా రాలుతుందట, పిల్లలు కొరికితే తడిసి ముడుచుకుంటుందట. మీకు చెప్తే పిల్లని కొడతారని ఊరుకున్నాడు."

ఆవిడ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పింది. అట్ట కొత్తదే గానీ పేజీల అంచులు మకిలి పట్టి నల్లగా ఉన్నాయి.

"నా కూతురికి ఈ కథే కావాలని ఎలా తెలిసింది ఆయనకి? చాలా పుస్తకాలు చదివాడా?"

"ఆయన చదవడమేంటక్కా, అంకెలు తప్ప అక్షరం ముక్క రాదు, లైబ్రరీవాళ్ళు పారేసినవాటిల్లో పిల్లల చేతులు పడి పడి ఏది బాగా నల్లబడితే, అదే మంచి పుస్తకమని తీసి దాచేవాడు."