రమ్మనేదాకా

రాయికి ఇవతల సంజీవి. అవతల దురైసామి జొన్నచేను. దెబ్బతిన్న పంది ఆ చేలోకే దూరింది.

బల్లెం సరిగ్గా తగల్లేదు. డొక్కలో దిగిందే గానీ, పంది మలుపు తిరిగేసరికి ఊడి కింద పడింది. దాన్ని తీసుకుని నెత్తుటి చుక్కల వెంట పరుగెత్తుకొచ్చిన సంజీవి, కుంఫిణీవాళ్ళు పాతిన సర్వే రాయి దగ్గర ఠక్కున ఆగిపోయాడు. చుక్కలు మాత్రం ఆగలేదు. రాయి దాటి జొన్న మొదళ్ళలోకి వెళ్ళిపోయాయి.

కారమడై పక్క తెలుగు పల్లెల్లో వేటకు రెండు కట్టుబాట్లు. దెబ్బ కొట్టిన జంతువును నొప్పితో వదిలి రాకూడదు, వెంటపడి ముగించాలి. అది పరాయి పొలంలో దూరితే మాత్రం బల్లెం గట్టున గుచ్చి, పొలంవాణ్ణి పేరు పెట్టి పిలవాలి. అతను "రా" అన్నాకే కాలు పెట్టాలి. అనకముందే పెడితే పంచాయతీలో బల్లెం విరిచేస్తారు. ఇక బతికున్నన్నాళ్ళూ వేట మాటెత్తడానికి లేదు.

సంజీవి బల్లెం గుచ్చాడు.

"దురైసామన్నా, పంది నీ చేలో దూరింది. వచ్చేదా?"

జవాబు లేదు. చేలోంచి పంది మూలిగింది.

తెల్లవారుతూనే దురైసామి మంచె మీద నిలబడి చిలకల్ని తోలుతూ కనిపించాడు. ఇప్పుడు మంచె ఖాళీ.

"దిగి దాక్కోనుండాడు బావా," అన్నాడు వెనకాలే వచ్చిన బామ్మర్ది మారిముత్తు. "కుందేలు సంగతి మరిచిపోతాడా?"

పోయినేడు కుందేలు వెంట పరుగెత్తుతూ దురైసామి ఇదే రాయి దాటాడు. ఇటువైపు మూడంటే మూడు అడుగులు. ఊరంతా పోనిమ్మంది. మూడైనా ముప్పయ్యైనా దాటడం దాటడమేనని పట్టుబట్టింది సంజీవి. వేటపెద్ద గనక దురైసామి బల్లేన్ని అందరి ముందూ మోకాలికేసి విరిచిందీ తనే. అప్పటినుంచీ దురైసామి చేతిలో పిట్టల్ని కొట్టే ఒడిసెల తప్ప మరో ఆయుధం లేదు.

"అన్నా, నామీద కోపముంటే రేపు తీర్చుకో. నోరులేని జీవం. ఒక్క మాట అను, చాలు."

మళ్ళీ మూలుగే.

"పిలిచినప్పుడల్లా పందన్నా పలుకుతుండాది," అన్నాడు మారిముత్తు. "ఆ మనిషికి మాత్రం నోరు రాలేదు."

కుక్కలకు గట్లూ రాళ్ళూ లేవు. సంజీవి కుక్క చేలోకి దూరింది. పందిని చూస్తే ఊరు లేపే కుక్క, ఒక్కసారి కూడా మొరగకుండా తోక ముడుచుకుని బయటికొచ్చి అతని కాళ్ళ మధ్య నక్కింది.

"గాయం తగిలిన పంది గదా, హడిలింది," అన్నాడు సంజీవి.

ఎండ ఎక్కింది. చెమట కళ్ళలోకి దిగుతోంది. మూలుగు సన్నబడుతోంది, మళ్ళీ లేస్తోంది. వెనక్కి తిరిగితే జంతువును హింసపెట్టి వదిలిన వేటపెద్ద. ముందుకు నడిస్తే తను విరిచిన బల్లెం పక్కన తన బల్లెం. రెండు కాళ్ళకూ రెండు ఉచ్చులు. రెండూ తను బిగించినవే.

"పావం బావా, ఎట్ల మూలుగుతుండాదో. నేను చూసినట్టు ఎవురితోనూ చెప్పను. ఒక్క పోటు పొడిచి వచ్చెయ్."

"నువ్వు చెప్పవు. ఆడ దాక్కోనుండే వాడు చెప్పడా? దానికే గదా కాసుకోనుండాడు."

అప్పుడు కదిలాయి జొన్నలు.

చేను నడుమ ఒకచోట కంకులు ఊగాయి. కాసేపు ఆగి, ఇంకొంచెం ఇటుగా ఊగాయి. నేల మీద ఈడ్చుకుంటున్న చప్పుడు. సంజీవి బల్లెం పెరికి చేతిలోకి తీసుకున్నాడు. తనంతట తనే రాయి దాటి వస్తే ఎవరినీ అడగక్కర్లేదు.

"రా," అన్నాడు గొంతులో. "ఇంకొంచెం రా, సామీ. ముగించేస్తా."

కంకులు ఊగుతూ, ఆగుతూ, ఊగుతూ వచ్చాయి. రాయికి నాలుగు బారల దూరం. మూడు. రెండు.

ఆగిపోయాయి.

సంజీవి బల్లెం ఎత్తి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చేయి లాగింది. ఇక మూలుగు లేదు, కదలిక లేదు. చివరికి బల్లెం దించి కూలబడ్డాడు. గుండెల మీంచి బరువు దిగినట్టే అయింది. తన చేత్తో ముగించలేదు, అయినా దాని బాధ తీరింది.

"మారిముత్తూ, చేను పక్క వాగులో అడ్డంబడి దురైసామన్న ఇంటికి పో. వదినెతో చెప్పు. ఆయన రమ్మనకపోయినా ఆమె రమ్మంటే చాలు. పందిలో సగం వాళ్ళకే ఇస్తామను."

మారిముత్తు వాగులోకి దిగాడు. సంజీవి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. చేనువైపు చూసి, వినిపించేటట్టే అన్నాడు, "గెలిచినావులే అన్నా. సంతోషంగా ఉండు."

మారిముత్తు అంతలోనే తిరిగొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమంది వదినె? రమ్మనిందా?"

"ఆడిదాకా పోలేదు బావా," అన్నాడు మారిముత్తు, సంజీవిని కాక రాయి అవతలి జొన్నల్ని చూస్తూ. "పంది మన వాగులోనే చచ్చి పడుండాది, ఎప్పుడో చల్లబడిపోయింది, దాని కోరకి దురైసామన్న పంచె చుట్టుకోనుండాది."