మూడో విజిల్

అమెరికా కస్టమర్ల ఫోన్లకు అమెరికాలో ఉన్నవాళ్ళే జవాబివ్వాలని చట్టం వచ్చాక, ఉప్పల్‌లోని హైమ ఇల్లు ఒహాయో అయిపోయింది. దొంగ లైను, ఎమిలీ అని దొంగ పేరు. దొరికితే జైలే. మన ఇళ్ళ చప్పుళ్ళను పసిగట్టే యంత్రాలు లైన్లలో కాపు కాస్తున్నాయి. అందుకే ఆమె డ్యూటీలో ఉన్నంతసేపూ ఇంట్లో కుక్కర్ పెట్టరు.

ఆ ఉదయం అత్తగారు మరిచిపోయి పెట్టేశారు. విజిల్ వచ్చింది. హైమ వంటింటి వైపు చేతులూపేలోగా ఇంకోటి వచ్చింది.

అంతవరకూ ఫోన్లో ఇంగ్లీషులో ఫ్రిజ్ పాడైందని చెబుతున్న ఆవిడ ఆగి, ఆప్యాయంగా తెలుగులో అడిగింది.

"పప్పా తల్లీ? ఎన్ని విజిల్స్ రానిస్తావేంటి?"

"మూడండీ," అనేసింది హైమ, అలవాటుగా.

"మంచిది తల్లీ."

ఆ గొంతు ఇంతసేపూ ఒక్కసారైనా ఊపిరి తీసుకోలేదని హైమకు అప్పుడు తట్టింది. లైను తెగిపోయింది. వంటింట్లో మూడో విజిల్ వచ్చింది.