చేతులే సారె

బడి వెనక పిడకల మంట చల్లారింది. బూడిద తీసి చూస్తే పదమూడు మట్టిగిన్నెల్లో పదకొండు పలిగిపోయి ఉన్నాయి.

ఐదో తరగతి పిల్లలు చుట్టూ చేరారు. ఐలవ్వ అనే పిల్ల తన గిన్నె పెంకులను ఒడిలోకి ఏరుకుంది.

అది 1961. గోదావరి ఒడ్డున చిన్న పట్నంలోని ఆ బడికి ఆశీర్వాదం డ్రాయింగు మాస్టరుగా వచ్చి నాలుగు నెలలే అయింది. మట్టిపనిలో మూడు వారాలు శిక్షణ పొందాడు. అక్కడ మెత్తటి మట్టి సంచుల్లో వచ్చేది. కాల్చే పని ఎవరో చేసిపెట్టేవారు.

హెడ్మాస్టరు సిద్దిరాములు దూరం నుంచే అన్నాడు.

"ఇగ చాలు సార్. పిల్లలు చదువుకునేటందుకు వచ్చిండ్రు. నెలాఖరుకు ఇన్‌స్పెక్టరు గారు వస్తరు. చూపెట్టేటందుకు ఏం లేకపోతే ఈ క్లాసు బంద్ చేస్త."

"నెలాఖరు దాకా టైమియ్యుండ్రి సార్. చేసి చూపెడ్త."

మర్నాడు క్లాసు నడుస్తుండగా కిటికీ అవతలి నుంచి ఓ గొంతు వినిపించింది.

"తొక్కని మన్ను పలుగక ఏంజేస్తది?"

డెబ్బై ఏళ్ల ముసలామె. చంకన బట్టల మూట. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది.

"ఎవరవ్వా నువ్వు?"

"శంకరవ్వను. కుమ్మరోల్లం. నేనచ్చిన పని వేరే గని, గీ పెంకులు కండ్లవడ్డయి. లోపలికి రావచ్చునా సారూ?"

రమ్మనేలోపే వచ్చేసింది. చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుని ఉమ్మింది.

"రాళ్లున్నయ్. జల్లెడ వట్టలే. తొక్కలే. గాలి లోపల్నే ఉన్నది. మంటల వెట్టంగనే పటుక్కుమంటది."

ఆ రోజే పిల్లల చేత మన్ను జల్లించింది. బూడిద, గాడిద లద్ది కలిపించింది. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారు. నవ్వుతూనే మోకాళ్ల దాకా బురదయ్యేటట్టు తొక్కారు.

"గిరగిర తిరిగే కుమ్మరి సారె లేదు గదవ్వా, గిన్నెలెట్ల అయితయ్?" అడిగింది ఐలవ్వ.

"సారె మొగోల్లది బిడ్డా. మేం ముట్టం. నీళ్ల గోలెం, వడ్ల గుమ్మి, పొయ్యి, అన్నీ చేతుల్తోనే చేసినం. ఆడోల్లకు చేతులే సారె."

మన్ను ముద్ద అరచేతిలో పెట్టుకుంది.

"నడుమ బొటనేలు దించు. తిప్పు. వత్తు. తిప్పు. తొందరవడకు, అంచు పలుచనైతది."

ఆశీర్వాదం కూడా పిల్లల మధ్య కూర్చున్నాడు. మన్నును తాడులా పేని, అంచు మీద చుట్టి గోడ లేపడం నేర్చుకున్నాడు.

"ఉత్తగ వెడితే ఊడుతది సారూ. రెండు దిక్కుల గీకు. బురద వెట్టు. అప్పుడు అతుకు."

వాగవతల చుట్టాలింట్లో ఉంటూ రోజూ నడిచి వచ్చేది. మూడో రోజు హెడ్మాస్టరు గుమ్మం దాకా వచ్చాడు. శంకరవ్వను చూసి ఆగిపోయాడు. ఆమె ఒక్కసారి తలెత్తి, మళ్లీ మన్ను మీదికి వంగింది. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆశీర్వాదానికి పిలుపు వచ్చింది.

"ఆమెను రేపటి నుంచి రానియ్యకుండ్రి."

"ఎందుకు సార్?"

"ఇది బడి. కుమ్మరివాడ కాదు."

ఆశీర్వాదానికి ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇంకా పర్మనెంటు కూడా కాలేదు. అయినా అన్నాడు.

"ఆమె రాకపోతే నేను రాను సార్. ఇప్పుడే రాజీనామా రాసిస్త."

హెడ్మాస్టరు బల్ల మీది కాగితాలు సర్దాడు.

"నెలాఖరు దాకనే," అన్నాడు.

మర్నాడు ఆ సంగతి చెబితే శంకరవ్వ నొచ్చుకోలేదు.

"పెద్ద సారు గదా, ఆయన ఇజ్జత్ ఆయనకుంటది. నువ్వు ఫికర్ చెయ్యకు. మన గిన్నెలు పలుగకుంటే చాలు."

గిన్నెలు ఎనిమిది రోజులు నీడన ఆరాయి. శంకరవ్వకు దగ్గు పట్టుకుంది. మూలన కూర్చుని దగ్గుతూనే చెప్పేది. కాల్చే రోజు పొద్దున్నే వచ్చి, పిడకలు, గిన్నెలు, గడ్డి వరసగా పేర్పించి, తనే నిప్పు పెట్టింది. పోతూ పోతూ ఆశీర్వాదం వైపు తిరిగింది.

"రేపు గీ కుప్ప నువ్వే ఇప్పు సారూ. ఇగ నాతోటి పని లేదు."

మర్నాడు బూడిద తీశారు. ముప్పై ఒక్క గిన్నెలు. ఒకటే పలిగింది. ఐలవ్వ తన గిన్నెను వేలితో కొట్టింది. కంగుమంది.

రెండు రోజులకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇంట్లో పనుందని హెడ్మాస్టరు సెలవులో ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు గిన్నెలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఎవరు నేర్పారు?"

"శంకరవ్వ," అన్నారు పిల్లలంతా.

"ఆమెను చేతిపని టీచరుగా పెట్టమని రాస్తాను. క్లాసు ఆపవద్దు."

ఆ మాట చెప్పడానికి ఆశీర్వాదం పరుగులాంటి నడకతో వాగు దాటాడు. ఇంటికి తాళం ఉంది. పక్కింటి కొమురవ్వ బయటికొచ్చింది.

"ముసలామె మొన్ననే కాలం చేసింది సారూ. కొడుకచ్చి బండిల ఊరికి తీస్కపోయిండు. గీ ఇంటోల్లు గూడ గాడికే పోయిండ్రు."

ఆశీర్వాదం ఆ గడపలోనే కూర్చుండిపోయాడు. ఆమె ఏ ఊరి నుంచి వచ్చిందో, ఏ పని మీద వచ్చిందో ఒక్కరోజూ అడగలేదు.

క్లాసు మాత్రం ఆపలేదు. తెల్లారే మళ్లీ మన్ను తొక్కించాడు.

పన్నెండు రోజుల తర్వాత హెడ్మాస్టరు తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. ఆఫీసు గదికి వెళ్లలేదు. మట్టిపని గదిలోకి వచ్చి, పిల్లల మధ్య నేల మీద కూర్చున్నాడు. ఓ ముద్ద తీసుకుని నడుమ బొటనవేలు దించాడు. తిప్పాడు. వత్తాడు. చూస్తుండగానే పలుచని అంచుతో గిన్నె లేచింది.

"సారూ, మీకెట్ల వచ్చు?" అడిగింది ఐలవ్వ.

హెడ్మాస్టరు తువ్వాలు తీసి గుండు మీది చెమట తుడుచుకున్నాడు.

"నన్ను గన్న మా అవ్వ నేర్పింది బిడ్డా... మీకు నేర్పినామెనే."