బీరువాలో మాస్కు

చిత్తూరు శివార్లలో ఇత్తడి విగ్రహాలకు మెరుగుపెట్టే షెడ్డులో మునిరత్నం పదకొండేళ్లు యాసిడ్ తొట్టి దగ్గర పనిచేశాడు. ముక్కుకు తడి తువ్వాలు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఊపిరితిత్తులు చెడి, కిందటి నెల పోయాడు. పక్క తొట్టి దగ్గరుండే పరంధామయ్యను ఆయన చోటికి మార్చారు.

షెడ్డులో మాస్కు లేక కాదు. తనిఖీకి వచ్చే ఆఫీసర్లకు చూపించడానికి ఒకటి కొని, ఓనరు గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఒక రాత్రి పొగ లాగే ఫ్యాను ఆగిపోయింది. పరంధామయ్య కళ్లు తుడుచుకుంటూ సూపర్‌వైజర్ రఘునాథ్ దగ్గరికి వెళ్లాడు.

"ఊపిరాడలా సామీ. ఆ బీరువా బీగం తియ్యి."

"ఇంతవరకూ ఎవురూ పెట్టుకోనిదప్పా అది. మాసిందంటే ఓనరు నన్ను తిడతాడు," అని గొణుగుతూనే రఘునాథ్ మాస్కు తీసిచ్చి, ఇంటికి వెళ్లిపోయాడు.

పరంధామయ్య ఒంటరిగా తొట్టి దగ్గరికి వచ్చి మాస్కు పెట్టుకున్నాడు. లోపల తడిగా ఉంది. ఎవరో ఇప్పుడే తీసినట్టు వెచ్చగా ఉంది. గబుక్కున తీసేశాడు.

తొట్టి అవతల చీకట్లో ఎవరో దగ్గారు. ఆ దగ్గు పరంధామయ్య ఏళ్ల తరబడి పక్క తొట్టి దగ్గర విన్నదే.

"బతికుండగా నీకియ్యకపోయిరి గదన్నా," అన్నాడు, మాస్కును ముందుకు చాస్తూ. "ఇంద, పెట్టుకో."

దగ్గు ఆగింది. మాస్కును ఎవరో మెల్లగా అందుకున్నారు.