మూడు చుట్లు

"అదిగో, మళ్లీ మొదలుపెట్టాడు!" అంటూ సంపాదకురాలు భర్త మోచేయి పట్టి గుంజింది.

ప్రెస్సు సగం తలుపు మీదుగా భార్యాభర్తలిద్దరూ లోపలికి తొంగిచూశారు. లోపల అడుగుపెడితే బట్టలకు సిరా అంటుతుందని ఎనిమిదేళ్లుగా వాళ్లు ఆ సగం తలుపు దాటలేదు. పెద్దాయన మిషన్‌మేన్ పాత అచ్చుయంత్రం చుట్టూ మెల్లగా తిరుగుతున్నాడు. ప్రతి చుట్టులోనూ అవతలి వైపు ఆగి నడుం వంచుతున్నాడు. ఇటునుంచి చూస్తే వంగిన వీపు ఒక్కటే కనబడుతుంది. మూడు చుట్లు పూర్తయ్యాక, నల్లబడ్డ గుడ్డముక్క భుజాన వేసుకుని వచ్చి, అప్పుడు గానీ స్విచ్ మీద చెయ్యి వెయ్యడు.

ఆ ప్రెస్సులో అచ్చయ్యే వీళ్ల మాసపత్రిక పేరు 'ఎందుకు?'. జనం దేన్నీ గుడ్డిగా నమ్మకూడదని, ప్రతిదానికీ కారణం అడగాలని ఇద్దరూ ప్రెస్సు ముందుగదిలో కూర్చుని నెలనెలా తెచ్చే పత్రిక. ఆశయం ఒకటేగానీ స్వభావాలు మాత్రం ఉప్పూ నిప్పూ. ఆమె వ్యాసం చదివితే చెంప ఛెళ్లుమన్నట్టుంటుంది. ఆయన వ్యాసం చదివితే హాయిగా నిద్ర పడుతుంది. పాఠకులు ఆమెను మిరపకాయ అనీ, ఆయన్ను వెన్నపూస అనీ చెప్పుకుంటారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరికీ లోలోపల గర్వమే.

ఇప్పుడు రాబోయేది వందో సంచిక. పాఠకుల సభలో పంచాలి. మొదటి పేజీ ఎవరి వ్యాసానిదని వారం రోజులుగా ఇంట్లో రగడ. ఆమెది 'బుద్ధి ఉందా?', ఆయనది 'కాస్త ఆలోచిద్దాం రండి'.

"మన పత్రిక అచ్చువేసే మనిషే యంత్రానికి మొక్కుతుంటే, ఇక మనం లోకానికి చెప్పేదేముందండీ?"

"మెల్లగా చెబుదాంలే."

"ఎనిమిదేళ్లుగా మెల్లగానే ఉన్నారుగా! సరే, పందెం. ఈయన చేత ఆ తిరుగుడు ఎవరు మాన్పిస్తే వాళ్లదే మొదటి పేజీ."

"ఖాయమేనా?"

ఆయన అంత ఉత్సాహంగా అడిగేసరికి ఆమెకు ఒళ్లు మండింది. "ఖాయం" అంటూనే మొదటి వంతు తనే లాక్కుని, సగం తలుపు మీద దబదబా బాదింది.

"ఏమండీ పెద్దాయనా, ఏమిటా తిరుగుడు?"

"అలవాటమ్మా. నాకు పని నేర్పిన మేస్త్రి చెప్పాడు. ముప్పై ఏళ్లుగా ఇంతే."

"ఎందుకని ఆయన్ని ఒక్కసారైనా అడిగారా?"

"అడిగానమ్మా. ఆయనేమన్నాడంటే..."

"ఏమంటాడు! తిరక్కపోతే అరిష్టం అనుంటాడు, మీరు తలూపుంటారు. ఈ కాలంలో కూడా ఇనుప ముక్కకు వంగి వంగి... సిగ్గుగా లేదూ?"

మిషన్‌మేన్ మొహం గంటు పెట్టుకుని, ఆమె చూస్తుండగానే నాలుగో చుట్టు కూడా తిరిగాడు.

"చూశావా? నువ్వు అరిస్తే చుట్లు పెరుగుతాయి" అన్నాడు భర్త సంబరంగా.

మర్నాడు ఆయన వంతు. రెండు గ్లాసుల టీ తెచ్చి సగం తలుపు మీద పెట్టాడు.

"మీ నమ్మకం మీది, నేను తప్పుపట్టను. ఎందుకు తిరుగుతున్నారని కూడా అడగను. అడిగితే మీ మనసు నొచ్చుకుంటుంది."

"అడగండి సార్, ఫరవాలేదు."

"అబ్బెబ్బే, అంత మొరటువాణ్ణి కాను. ఒక్క సాయం చెయ్యండి చాలు. ఈ సంచిక ఒక్కటీ తిరక్కుండా మొదలుపెట్టి చూద్దాం. ఆ తర్వాత మీ ఇష్టం."

"ఏదైనా జరిగితే?"

"ఏమీ జరగదు!" ఆమె వెనకనుంచి అరిచింది. "కావాలంటే కాగితం మీద రాసిస్తాను."

మిషన్‌మేన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మీసాల చాటున నవ్వుకున్నాడు. "సరేనమ్మా, చూద్దాం."

పందెం మాత్రం తేలలేదు. తను వాయించబట్టే మనిషి మెత్తబడ్డాడని ఆమె, అంతా టీ మహిమేనని ఆయన. చివరికి మొదటి పేజీని నిట్టనిలువునా పంచుకున్నారు. ఎడమ సగం ఆమెకి, కుడి సగం ఆయనకి.

అచ్చు మొదలయ్యే రోజు ఉదయాన్నే ఇద్దరూ వచ్చి సగం తలుపు దగ్గర నిలబడ్డారు. మిషన్‌మేన్ తిరగలేదు. భుజం మీద గుడ్డ ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉంది. తిన్నగా వెళ్లి స్విచ్ వేశాడు. యంత్రం దడదడలాడింది. ఆమె ఆనందం పట్టలేక భర్త చెయ్యి గట్టిగా నొక్కింది. వారం రోజుల్లో ఇద్దరూ పోట్లాడుకోని నిమిషం అదొక్కటే.

అంతలోనే మిషన్‌మేన్ స్విచ్ ఆపాడు. మొదటి కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకొచ్చి సగం తలుపు మీద పరిచాడు. పేజీ నడిమధ్య అరచేయంత నల్లటి మరక. 'బుద్ధి' మీదా, 'ఆలోచిద్దాం' మీదా సమానంగా పాకింది.

"ఇంకోటి తియ్యండి" అందామె. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

ఆమె ఆ యంత్రం వైపు మొదటిసారి భయంగా చూసింది.

"పోనీ, ఈసారికి తిరగమందామా?" ఆయన భార్య చెవిలో గొణిగాడు.

"తిరగమనండి. కానీ ఈ సంగతి బయట ఎక్కడా అనకండి" అని గొణిగి, ఆమె గొంతు సవరించుకుంది. "ఇంతకీ పెద్దాయనా, మీరు ఎందుకు తిరుగుతారు?"

ఈసారి జవాబు కోసం ఆగింది కూడా.

మిషన్‌మేన్ భుజం మీది తెల్లగుడ్డ తీసి దులిపాడు.

"వెనకాల నూనె కారుతుందమ్మా, మూడుసార్లు తుడిస్తేగానీ పోదు."