ఎక్కడికీ వెళ్ళని కారు

“మళ్ళీ వెలిగింది!” అంటూ కళ్ళజోళ్ళ షాపాయన స్టీరింగ్ మీద ఒక్క గుద్దు గుద్దాడు.

స్టీరింగ్ వెనక మీటర్లో పసుపు దీపం. కారు ఆసుపత్రి ముందున్న ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతోంది.

ఆసుపత్రి లోపల ఆయన తల్లి మంచం మీద ఉంది. రేపు పొద్దున్నే ఆపరేషన్. ఆవిడది సులువుగా దొరకని గ్రూపు రక్తం. అది చేతికందితేనే ఆపరేషన్ అని డాక్టరు తెగేసి చెప్పాడు. పక్క ఊళ్ళో ఎవరో అదే గ్రూపాయన ఇవాళ మధ్యాహ్నానికల్లా వచ్చి ఇస్తానన్నాడట.

తల్లిని చెల్లెలికి అప్పగించి, ఆయన మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

“పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది సార్. మీరేమో ఇల్లు, షాపు, ఇల్లు, షాపు. బండి వేడెక్కేలోపే ఆపేస్తారు. మసి కాలదు, పేరుకుపోతుంది. హైవే ఎక్కి, దీపం ఆరేదాకా ఒకే వేగంతో లాగించండి. లేకపోతే ఎక్కడో నడిరోడ్డు మీద మొరాయిస్తుంది.”

“అంటే, పని లేకపోయినా తిరగాలా?”

“తిరగాలి సార్.”

“ఊరికే?”

“ఊరికేనే.”

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“కారు కొనుక్కున్నానా, కారుకి నన్ను నేను అమ్ముకున్నానా! గాలి బాగుండాలని ఫిల్టర్ పెట్టారట. ఆ ఫిల్టర్ బాగుండాలని నేను డీజిల్ తగలేస్తూ ఊరేగాలట! వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది!”

“అరిచి ఏం లాభం? ఈ రాత్రి అత్తయ్యకి ఏదైనా అవసరమొస్తే బండి కదలొద్దూ? పదండి,” అంది పక్కనే ఉన్న భార్య.

హైవే ఎక్కారు. ఎండ మాడు పగలగొడుతోంది. చాలా దూరం పోయి, వెనక్కి తిప్పారు. దీపం ఆరలేదు.

ఊరివైపు వస్తుంటే రోడ్డు పక్కన ఎవరో నడుస్తున్నాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. కారు చప్పుడు విని చెయ్యెత్తాడు.

“పాపం, ఆపండి. వెనకంతా ఖాళీయేగా.”

“ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది! దారినపోయే దానయ్యలందరినీ ఎక్కించుకోవడానికి ఇదేమన్నా బస్సా?”

కారు దూసుకుపోయింది.

ఊరి పొలిమేర దాకా వచ్చినా దీపం అలాగే ఉంది. మళ్ళీ వెనక్కి తిప్పి, మళ్ళీ అంత దూరం పోయి, మళ్ళీ ఊరివైపు వచ్చారు. కూడలి దగ్గర లారీ అడ్డం వచ్చి కారు నెమ్మదించింది.

ఇందాకటి మనిషి ఆ కూడలి దాకా నడిచొచ్చాడు. పరుగెత్తుకుంటూ వచ్చి అద్దం మీద చెయ్యి వేశాడు. ఏదో చెబుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. అద్దం ఎక్కించి ఉంది, ఏసీ హోరు. ఒక్క ముక్క వినబడలేదు.

“ఖాళీ లేదు!” అని కసిరి, చేత్తో సైగ చేసి, కళ్ళజోళ్ళాయన గేరు మార్చాడు.

వెనక సీటంతా ఖాళీ. పోనీ, కారుకి వెళ్ళాల్సిన చోటైనా ఉందా అంటే అదీ లేదు. అయినా ఖాళీ లేదట! ఇలాంటి మాట ఎక్కడైనా విన్నామా?

భార్య మొహం తిప్పుకుంది.

కాసేపటికి దీపం ఆరింది. ఆయన గర్వంగా మెకానిక్‌కి ఫోన్ చేశాడు. “మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదయ్యా!”

“ఒక్క నిమిషం ఆపితే కొంపేం మునగదు సార్. ఇంజన్ ఆపకుండా ఉంటే చాలు.”

“విన్నారా?” అంది భార్య. “పదండి, వెనక్కి పోయి ఆయన్ని ఎక్కించుకుందాం.”

“ఈపాటికి ఎవరో ఎక్కించుకునే ఉంటారులే.”

ఎవరో! ఆ ‘ఎవరో’ అనేవాడు లేకపోతే మనలో సగంమందికి రాత్రి నిద్ర పట్టదు.

ఇంటికి చేరి కంచాల ముందు కూర్చోగానే చెల్లెలి ఫోన్.

“అన్నయ్యా, రక్తమిస్తానన్నాయన ఇంకా రాలేదు. ఫోన్ కూడా కలవట్లేదు. డాక్టరు గారు చిరాకు పడుతున్నారు.”

కళ్ళజోళ్ళాయన ముద్ద వదిలేసి లేచాడు.

“ఇవ్వలేనివాడు మాటెందుకివ్వాలి? ప్రాణాలతో చెలగాటమా? మనుషులకి బొత్తిగా జాలీ దయా లేకుండా పోయాయి! కనబడనీ, కడిగి పారేస్తాను!”

ఆసుపత్రికి వెళ్ళేసరికి చెల్లెలు గుమ్మంలోనే ఏడుస్తూ ఎదురొచ్చింది.

“ఆపరేషన్ ఆపేశారు అన్నయ్యా. ఇంకో మనిషి దొరికేదాకా ఆగే ఓపిక అమ్మకి లేదట.”

“ఆ పెద్దమనిషి చివరికి రానేలేదా?” అని నర్సు మీద విరుచుకుపడ్డాడు.

“ఎందుకండీ తిడతారు? ఆయన వచ్చారు. హైవే మీద స్కూటరు ఆగిపోయిందట, ఫోన్‌లో ఛార్జింగూ అయిపోయిందట, ఎండలో నడుచుకుంటూ బయల్దేరారు. సొమ్మసిల్లి పడిపోతే కూరగాయల ఆటో అతను తెచ్చి దింపాడు. బీపీ పడిపోయింది, సెలైన్ పెట్టాం. ఈ స్థితిలో ఆయన దగ్గర చుక్క రక్తం కూడా తీసుకోకూడదు. ఆయనేమో ‘పర్లేదు తీసుకోండమ్మా, అక్కడ ఎవరో తల్లి ఎదురుచూస్తోంది’ అని ఒకటే గొడవ.”

“మరి నాకొక్క ఫోన్ కొట్టించొచ్చు కదా! పొద్దుట్నుంచీ ఆ రోడ్డు మీదే ఖాళీ కారేసుకుని తిరుగుతున్నాను!”

నర్సు తెర పక్కకి లాగింది.

మంచం మీద పడుకున్న మనిషి కళ్ళు తెరిచి, కళ్ళజోళ్ళాయనని తేరిపార చూసి, లేని ఓపిక తెచ్చుకుని అడిగాడు: “మీరా బాబూ... కారాపకుండా అంత హడావిడిగా పోతుంటేనే అనుకున్నాను, మీవాళ్ళెవరికో ప్రాణం మీదికొచ్చిందని. ఇప్పుడెలా ఉంది వాళ్ళకి?”