గేటు ముందు బండ్లు నిలపరాదు

పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఒక చేత్తో దవడ పట్టుకుని, ఇంకో చేత్తో బండి తోసుకుంటూ వచ్చేవాళ్లు. ఆ బండి ఎక్కడ పెట్టాలన్నది వాళ్లకి పంటినొప్పిని మించిన నొప్పి.

ఆస్పత్రి ముందు ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన మురిక్కాలువ. వీధి మొత్తానికి బండి ఆపుకోదగ్గ చోటు ఒక్కటే ఉంది. అది ఎదురింటి గేటు ముందు. అక్కడ స్టాండు వేసిన చప్పుడైతే చాలు, ఎదురింటి పెద్దాయన ప్రత్యక్షమయ్యేవాడు. ముప్పయ్యేళ్లు రైల్వే గేటు కాసి రిటైరైన మనిషి.

"తియ్యవయ్యా, తియ్యి. గేటు కనపడటం లేదా?"

"పది నిమిషాలే తాతా. పన్ను పీకించుకుని వచ్చేస్తా."

"ఊడాల్సిన పన్ను కాసేపు ఆగుతుందిలే. ముందు దారికి అడ్డం తియ్యి."

ఆ గేటుకి జరిగినంత సేవ ఆ ఇంట్లో అల్లుడికి కూడా జరిగి ఉండదు. రెండు రెక్కల ఇనప గేటు, లోపల ఏముందో కనపడకుండా నిండుగా రేకు, కొబ్బరికాయంత తాళం. రోజూ పొద్దున్నే బందులకి నూనె పెట్టేవాడు. ఏడాదికోసారి రంగు వేసేవాడు. 'బండ్లు నిలపరాదు' అని తనే రాశాడు. చోటు చాలక 'రాదు' కిందికి దిగింది. అందుకని దాన్ని ఇంకాస్త పెద్దగా రాశాడు.

మూడేళ్లు ఇదే వరస. వచ్చేవాళ్లు ఒక్కొక్కరే నాలుగు రోడ్ల దగ్గరి పళ్ల డాక్టరు వైపు జారుకున్నారు. అక్కడ పది బండ్లు హాయిగా పడతాయి. ఇలాగే సాగితే డాక్టరమ్మ కుర్చీ మడతపెట్టుకుని పోవాల్సిందే.

ప్లీడరైన తన తమ్ముణ్ణి అడిగింది. వాడు పెదవి విరిచాడు.

"మంచి మాటతో ఒప్పించుకో అక్కా. కేసు వేస్తే ఆయనే గెలుస్తాడు. గేటుందంటే బండికి దారి ఉన్నట్టే. ఆ దారికి అడ్డం పెట్టే హక్కు ఎవడికీ లేదు. ఆ గేటే ఆయన దస్తావేజు."

మంచి మాటా అయింది.

"బాబాయ్ గారూ, మీ పళ్లు ఊరికే శుభ్రం చేసిపెడతాను. పొద్దున రెండు గంటలు ఆ చోటు వదలండి."

"నా పళ్లు నేను తోముకోగలనమ్మా. చేతులింకా పడిపోలేదు."

ఒక మధ్యాహ్నం ఆయన భార్య వీధి దాటి వచ్చింది.

"అమ్మాయ్, మీ బాబాయికి రాత్రి నుంచి పన్ను సలుపు. మంచం దిగడం లేదు. నీ గడప తొక్కడానికి మొహం చెల్లక రానంటున్నాడు. నువ్వే రావాలి."

డాక్టరమ్మ సంచీ సర్దుకుంది. దొరికాడు, అనుకుంది మనసులో.

పెద్దావిడ ఆమెని పక్క సందులోంచి, వంటింట్లోంచి తీసుకెళ్లింది. కరెంటు లేదు. వీధివైపు ముందుగది గుహలా ఉంది. మంచం మీద పెద్దాయన మూలుగుతున్నాడు. పెద్దావిడ టార్చి పట్టుకుంది. కింది వరసలో నల్లబడ్డ పన్ను ఒకటి వేలు తగిలితే తలాడిస్తోంది.

మత్తుసూది వేసి, పట్టకారు చేతిలోకి తీసుకుని డాక్టరమ్మ ఆగింది.

"ఇప్పుడు చెప్పండి బాబాయ్ గారూ. పోనీ రెండు గంటలొద్దు, ఒక్క గంట."

పెద్దాయన తిమ్మిరెక్కిన నోటితోనే గొణిగాడు. "కావాలంటే ఇంకో రెండు పళ్లు పీక్కో. గేటు మాటెత్తకు."

"ఎందుకండీ అంత పట్టుదల?"

"దారన్నాక ఖాళీగా ఉండాలమ్మా. ఏ బండి ఎప్పుడొస్తుందో నీకు తెలుసా, నాకు తెలుసా? వచ్చాక తీస్తానంటే కుదురుతుందా?"

"ఆయనతో పెట్టుకోకమ్మా," అంది పెద్దావిడ. "కాపరానికొచ్చిన కాణ్ణించీ నేనూ చెప్పి చెప్పి ఊరుకున్నా."

డాక్టరమ్మకి ఎందుకో సిగ్గనిపించింది. నొప్పితో అల్లాడే మనిషి దగ్గర బేరమా? ఆయన దారి ఆయన అడుగుతున్నాడు, అంతేగా. పన్ను పీకి, దూది పెట్టి, గట్టిగా కరుచుకోమంది.

"సరే బాబాయ్ గారూ. నెలాఖరుకి పక్క వీధికి మారిపోతున్నాను. ఇల్లు కూడా చూసేశాను. ఇక మీ దారికి మా వాళ్లెవరూ అడ్డురారు."

నోట్లో దూది ఉందిగా, పెద్దాయన బండిని పోనిస్తున్నట్టు చెయ్యి మాత్రం పైకెత్తి ఊపాడు.

అప్పుడే కరెంటు వచ్చింది.

మూడేళ్లుగా సైకిలైనా అడ్డం పెట్టనివ్వని ఆ గేటుకి సరిగ్గా వెనక, ఈ మూల నుంచి ఆ మూల దాకా కిటికీ కూడా లేని నిండు ఇటుక గోడ, దానికి ఆనించి పెద్దాయన మంచం ఉన్నాయి.